పాత ఫొటోను పోస్టరంత పెద్దది చేయించాలంటే: రిజల్యూషన్ లెక్క నుంచి ఫ్రేము దాకా

చెన్నైలోని తెలుగు ఇళ్లలో పాత ఫొటోలను పెద్దవి చేయించే అవసరం తరచుగానే వస్తుంది. షష్టిపూర్తికి పెళ్లినాటి ఫొటో, తాతగారి శతజయంతికి స్టూడియోలో తీయించుకున్న చిత్రం, సంఘం వార్షికోత్సవానికి అరవై డెబ్బై ఏళ్ల కిందటి గ్రూప్ ఫొటో కావలసి వస్తాయి. పెన్ డ్రైవ్ తీసుకుని ట్రిప్లికేన్‌కో టి. నగర్‌కో వెళితే, ఫైలు తెరిచి చూసిన ఆపరేటరు “రిజల్యూషన్ పత్తాదు సార్, 300 డీపీఐ వేణుం” (రిజల్యూషన్ చాలదు, 300 డీపీఐ కావాలి) అంటాడు. ఇంటికి వచ్చి అదే ఫైలును ఏదో ఒక యాప్‌లో 300కి మార్చి మళ్లీ తీసుకువెళ్లేవారు చాలామందే ఉన్నారు. ఆ మార్పు వల్ల చిత్రంలో ఒక్క వివరమూ కొత్తగా చేరదు. ఫైలు మీది చీటీ మాత్రమే మారుతుంది. పోస్టరుకు ఎంత రిజల్యూషన్, అంటే అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు (డిజిటల్ చిత్రాన్ని కూర్చే అతి చిన్న గడులు) కావాలో నిర్ణయించేది చూసేవాడు నిలబడే దూరం. ఎంత దొరుకుతుందో నిర్ణయించేది అసలు ఫొటో. ఈ రెండింటినీ కలిపేది స్కానింగ్. కాబట్టి శ్రద్ధంతా అక్కడే పెట్టాలి.

300 ఎక్కడి నుంచి వచ్చింది

ఆఫ్‌సెట్ ముద్రణలో చిత్రాన్ని చిన్న చిన్న చుక్కల వరుసలుగా విడగొడతారు. మంచి కాగితంపై అచ్చయ్యే పత్రికల్లో అంగుళానికి సుమారు 150 వరుసలు ఉంటాయి. వరుసకు రెండేసి పిక్సెళ్లు చొప్పున ఇస్తే చాలునన్న లెక్కలో అంగుళానికి 300 పిక్సెళ్లు అన్న సంఖ్య స్థిరపడింది. చేతిలో పట్టుకుని అడుగు దూరం నుంచి చదివే పుస్తకానికి అది సరైన సంఖ్యే. గోడమీది పోస్టరును అడుగు దూరం నుంచి ఎవరూ చూడరు కాబట్టి దాన్ని అక్కడ కూడా శాసనంగా తీసుకోనక్కరలేదు.

రెండు మాటలను మాత్రం ముందే విడదీసుకోవాలి. చిత్రంలో అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు పడుతున్నాయో చెప్పేది పీపీఐ. యంత్రం అంగుళానికి ఎన్ని సిరా చుక్కలు చల్లగలదో చెప్పేది డీపీఐ. పెద్ద ఇంక్‌జెట్ ప్రింటర్లపై 1440, 2400 వంటి సంఖ్యలు కనిపిస్తాయి. అవి సిరా చుక్కల సంఖ్యలు. ఒక్క పిక్సెల్ రంగును తెప్పించడానికే యంత్రం అనేక చుక్కలను వాడుతుంది. మీ ఫైలును 1440కి పెంచవలసిన పని లేదు. దుకాణాలవారూ స్కానర్ సాఫ్ట్‌వేర్లూ పీపీఐని కూడా డీపీఐ అనే పిలుస్తారు. వారితో వాదించడం కంటే, మీ ఫైలు అడ్డంగా ఎన్ని పిక్సెళ్లు, నిలువుగా ఎన్ని పిక్సెళ్లు ఉందో చెప్పడం మంచి పద్ధతి. ఆ రెండు సంఖ్యల విషయంలో ఎవరికీ అయోమయం ఉండదు.

మొదటి అడుగు: గోడను, చూసే దూరాన్ని కొలవండి

మామూలు చూపు ఉన్న మనిషి కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణం వరకు రెండు బిందువులను విడివిడిగా గుర్తిస్తుంది. దీని నుంచి ఒక సులువైన సూత్రం వస్తుంది: 3438ని, అంగుళాలలో కొలిచిన దూరంతో భాగిస్తే, ఆ దూరం నుంచి చూసే కంటికి కావలసిన కనీస పీపీఐ తెలుస్తుంది. అడుగు దూరానికి అది 286, అంటే ఇంచుమించు పుస్తకాల 300. రెండు అడుగులకు 143, మూడు అడుగులకు 95, ఐదు అడుగులకు 57. ఇవి కనీసపు సంఖ్యలు. గీతలు, అంచులు, కంటిపాపలు చక్కగా కనబడాలంటే వీటికి ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉంచుకోవాలి. ఆ లెక్కన హాలులో సోఫా వెనక, ఐదారు అడుగుల దూరం నుంచి చూసే పోస్టరుకు 100 నుంచి 120, నడవాలో మూడు అడుగుల నుంచి చూసేదానికి 150 నుంచి 190 సరిపోతాయి. కల్యాణ మండపంలో వేదిక వెనక కట్టే ఫ్లెక్స్‌కు 50 కూడా ఎక్కువే.

ఈ సూత్రం అందరికీ తెలిసిందే. పాత ఫొటోల విషయంలో మాత్రం దీనికి ఒక సవరణ అవసరం. ప్రకృతి దృశ్యాన్నో దేవుడి పటాన్నో చూసేవారు దూరంగానే నిలబడతారు. కుటుంబపు గ్రూప్ ఫొటోను చూసేవారు అలా నిలబడరు. “ఈవిడ మా రాజమండ్రి పెద్దత్తయ్యే కదూ” అంటూ ముక్కు తగిలేంత దగ్గరకు వస్తారు. కళ్లజోడు పైకెత్తి, వేలు పెట్టి మరీ చూస్తారు. అందువల్ల ఒక్కరే ఉన్న నిలువెత్తు చిత్రానికి 120 పీపీఐ చాలిన గోడమీదే, నలభైమంది ఉన్న గ్రూప్ ఫొటోకు 250 నుంచి 300 కావలసి వస్తుంది. పోస్టరు కొలత ఒకటే అయినా చూసే తీరు వేరు కాబట్టి లెక్క మారుతుంది. మీ చిత్రం ఏ రకానిదో ముందుగా నిర్ణయించుకోండి.

రెండో అడుగు: కావలసిన పిక్సెళ్ల లెక్క

కొలతను అంగుళాలలో రాసుకుని పీపీఐతో గుణిస్తే సరిపోతుంది. మన దుకాణాల్లో ఎక్కువగా అడిగేది 24 × 36 అంగుళాల పోస్టరు. దానికి 100 పీపీఐ చొప్పున 2400 × 3600 పిక్సెళ్లు, 150 చొప్పున 3600 × 5400, 200 చొప్పున 4800 × 7200, 300 చొప్పున 7200 × 10800 పిక్సెళ్లు కావాలి. చివరిది 7.8 కోట్ల పిక్సెళ్లు దాకా వస్తుంది. 12 × 18 అంగుళాలకైతే 300 చొప్పున లెక్కించినా 3600 × 5400 చాలు. కాగితం కొలతలలో చెప్పే దుకాణాలలో ఏ2 అంటే 420 × 594 మిల్లీమీటర్లు, ఏ1 అంటే 594 × 841, ఏ0 అంటే 841 × 1189 అని గుర్తుంచుకోండి.

నిష్పత్తిని కూడా ఇప్పుడే చూసుకోవాలి. పాత స్టూడియోల ఫుల్ ప్లేట్ కొలత 6½ × 8½ అంగుళాలు. ఇది 24 × 36 చట్రంలో సరిగ్గా ఇమడదు. అడ్డంగా తీసిన గ్రూప్ ఫొటోను 36 అంగుళాల వెడల్పుకు పెంచితే ఎత్తు 27½ అంగుళాలు అవుతుంది, మూడున్నర అంగుళాలు కోసేయాలి. ఆ కోతలో పోయేవి సాధారణంగా ముందు వరుసలో చాప మీద కూర్చున్న పిల్లల కాళ్లు, లేదా పై వరుసలో నిలబడినవారి తలపాగాలు. కోత వద్దనుకుంటే 24 అంగుళాల ఎత్తుకు 31.4 అంగుళాల వెడల్పు వస్తుంది. రోల్ కాగితంపై ముద్రించే దుకాణాలు చదరపు అడుగు లెక్కన తీసుకుంటాయి కాబట్టి ఏ పొడవైనా కోసి ఇస్తాయి. “36 అంగుళాలే ఉండాలి” అన్న పట్టుదల లేకపోతే నిష్పత్తిని కాపాడుకోవడం కష్టం కాదు.

మూడో అడుగు: అసలు ఫొటో ఏమిటో గుర్తించండి

అసలులో లేని వివరాన్ని ఏ స్కానరూ తేలేదు. కాబట్టి మీ చేతిలో ఉన్నది ఏమిటో తెలుసుకోవడం అన్నిటికంటే ముఖ్యం.

అట్టకు అతికించి, కింద స్టూడియో పేరు ముద్రించిన పాత ఫొటోలు అన్నిటికంటే మేలైనవి. మద్రాసు మౌంట్ రోడ్డులో ఒకప్పుడు పేరున్న స్టూడియోలు ఉండేవి. వాటి పేర్లున్న అట్టలు ఇప్పటికీ మన ఇళ్ల బీరువాల్లో కనిపిస్తాయి. ఆ కాలంలో పెద్ద గాజు నెగెటివ్‌ను కాగితానికి ఆనించి, పెంచకుండా అదే కొలతలో ప్రింటు తీసేవారు. అందువల్ల వాటిలో అంగుళానికి 600 పిక్సెళ్లకు తగిన వివరం, ఒక్కొక్కసారి అంతకు మించి ఉంటుంది. భూతద్దం పెట్టి చూస్తే చీర అంచులోని జరీ పోగులు విడివిడిగా తెలుస్తాయి. ఇక చిన్న ఫిల్మ్ నుంచి పెంచి తీసిన తర్వాతి కాలపు పోస్టుకార్డు సైజు ప్రింట్లలో 300కు మించి వివరం అరుదు. వాటిని 1200లో స్కాన్ చేస్తే ఫైలు బరువు పెరుగుతుంది గానీ ముఖాలు తేటపడవు.

పాస్‌పోర్టు ఫొటో తప్ప మరేమీ మిగలని ఇళ్లు కూడా ఉంటాయి. 45 మిల్లీమీటర్ల ఎత్తున్న ఆ ఫొటోను 24 అంగుళాలకు పెంచడమంటే పదమూడున్నర రెట్లు. 600 పీపీఐకి తగిన వివరం ఉందని ఉదారంగా అనుకున్నా, పోస్టరుపై అంగుళానికి 44 పిక్సెళ్లే పడతాయి; ఐదు అడుగుల నుంచి చూసినా మసక తెలుస్తుంది. అలాంటప్పుడు 10 × 12 అంగుళాలకు పరిమితమై, చుట్టూ వెడల్పాటి తెల్లని మౌంట్ అట్ట పెట్టించి పెద్ద ఫ్రేములో అమర్చుకోవడం మర్యాదగా ఉంటుందని నా అభిప్రాయం.

నెగెటివ్ దొరికితే ప్రింటును పక్కన పెట్టండి. 35 మిల్లీమీటర్ల ఫిల్మ్‌లో చిత్రం 24 × 36 మిల్లీమీటర్లు. దాన్ని 24 × 36 అంగుళాలకు పెంచితే సరిగ్గా 25.4 రెట్లు. ప్రత్యేకమైన ఫిల్మ్ స్కానర్‌తో 4000 పీపీఐలో స్కాన్ చేస్తే పోస్టరుపై 157 పీపీఐ వస్తుంది. పెట్టె మీద 6400 అని రాసి ఉండే ఇంటి ఫ్లాట్‌బెడ్ (గాజు పలక మీద బోర్లించి తీసే) స్కానర్లు నిజంగా ఇచ్చే వివరం 2000 దరిదాపుల్లోనే ఉంటుంది కాబట్టి వాటితో 80 దాటదు. అదే 120 అనే రకం వెడల్పాటి రోల్ ఫిల్మ్ నెగెటివ్ అయితే చిత్రం సాధారణంగా 56 మిల్లీమీటర్ల చతురస్రం. 24 అంగుళాలకు పెంచడానికి పదకొండు రెట్లు చాలు. మామూలు ఫ్లాట్‌బెడ్ మీదే 180 పీపీఐ వచ్చేస్తుంది. పాత స్టూడియో మూతపడేటప్పుడు నెగెటివ్‌ల కట్టను ఇంటికి ఇచ్చి ఉంటే దాన్ని ఒక్కసారి వెతికి చూడడం ఎంతైనా మంచిది.

పాత తెలుగు పత్రికల ముఖచిత్రాలు, సినిమా పాటల పుస్తకాల అట్టలు, క్యాలెండర్లు వేరే జాతి. అవి అచ్చు చుక్కలతో ఏర్పడిన బొమ్మలు. వార్తాపత్రికలో అంగుళానికి సుమారు 85 వరుసలు, మంచి పత్రికలో 133 నుంచి 150 వరుసలు ఉంటాయి. చుక్కల వరుసకూ స్కానర్ గడికీ పొంతన కుదరనప్పుడు చిత్రం నిండా అలలు అలలుగా గళ్లు పడతాయి. వీటిని 600 లేదా 1200లో స్కాన్ చేసి, డీస్క్రీన్ అనే వడపోతతోనో స్వల్పమైన బ్లర్‌తోనో చుక్కలను కలిపేసి, తర్వాత కావలసిన కొలతకు తగ్గించుకోవాలి. రవివర్మ ముద్రణాలయం నుంచి 1894 తర్వాత వచ్చిన దేవతామూర్తుల పటాలు ఈ జాతివి కావు. అవి రాతి పలకల మీద గీసి అచ్చు వేసిన లితోగ్రాఫులు. వాటిలో కనిపించే చుక్కలు, గరుకుదనం ఆ కళలో భాగమే. వాటిని డీస్క్రీన్ చేస్తే సరస్వతి ముఖం మైనపు బొమ్మలా తయారవుతుంది.

నాలుగో అడుగు: స్కానింగ్

సూత్రం ఒక్కటే: పోస్టరుపై కావలసిన పీపీఐని, ఎన్ని రెట్లు పెంచుతున్నారో ఆ సంఖ్యతో గుణించాలి. ఇందాకటి ఫుల్ ప్లేట్ గ్రూప్ ఫొటోను 6½ అంగుళాల నుంచి 24 అంగుళాల ఎత్తుకు పెంచడం 3.69 రెట్లు. 300 పీపీఐ కావాలంటే 1107 వస్తుంది, కాబట్టి 1200 ఎంచుకోవాలి. ఆ ఫైలు 10200 × 7800 పిక్సెళ్లు ఉంటుంది.

గ్రూప్ ఫొటోకు ఇంకొక పరీక్ష ఉంది. ఒక్క ముఖాన్ని స్కేలుతో కొలవండి. నలభైమంది ఉన్న ఫుల్ ప్లేట్‌లో ముఖం సుమారు 6 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. 300లో స్కాన్ చేస్తే ఆ ముఖానికి దక్కేవి 71 పిక్సెళ్లు, 600లో 142, 1200లో 283. డెబ్బై పిక్సెళ్లలో కళ్లు, ముక్కు, నోరు ఉన్నాయని తెలుస్తుందే గానీ మనిషి పోలిక పట్టడం కష్టం. నూట నలభై నుంచి పోలిక తెలుస్తుంది. ఆపై దొరికే వివరం నెగెటివ్ నాణ్యతను బట్టి ఉంటుంది. ఒకే ముఖాన్ని 600లో, 1200లో స్కాన్ చేసి తెరమీద ఒకే కొలతలో పక్కపక్కన పెట్టి చూస్తే మీ ఫొటోకు హద్దు ఎక్కడో అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. తేడా లేకపోతే 600 దగ్గరే ఆగండి.

స్కానర్ రకం కూడా చూసుకోవాలి. సన్నగా, తేలికగా ఉండే చవక స్కానర్లలో, చాలా ఆల్-ఇన్-వన్ ప్రింటర్లలో గాజుకు ఆనుకుని ఉండే సీఐఎస్ రకం సెన్సర్‌కు ఫోకస్ లోతు దాదాపు లేదు. గాజుకు ఒక మిల్లీమీటరు ఎడంగా ఉన్నా చిత్రం మసకబారుతుంది. వంగిపోయిన ఫొటోలు, అట్టకు అతికించినవి, ఫ్రేములో ఇరుక్కున్నవి వీటిలో సరిగా రావు. లెన్స్ ద్వారా చూసే సీసీడీ రకం సెన్సర్ ఉన్న ఫ్లాట్‌బెడ్ కొంచెం ఎడాన్ని ఓర్చుకుంటుంది. జెరాక్స్ దుకాణాల్లోని పెద్ద యంత్రాలు సాధారణంగా 200, 300 పీపీఐలో స్కాన్ చేసి, బాగా కుదించి పీడీఎఫ్‌గా ఇస్తాయి. పట్టాదారు కాగితాలకు అది చాలు, ఫొటోలకు చాలదు.

అమరికల విషయానికి వస్తే, నలుపు తెలుపు ఫొటోనైనా రంగులోనే, 48 బిట్లలో (రంగు ఛాయలను అతి సూక్ష్మంగా నమోదు చేసే అమరిక) స్కాన్ చేయండి. పసుపు మరకలు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు రంగుల పొరల్లో ఒకేలా పడవు. ఏ పొరలో తక్కువగా ఉంటే దాన్ని ఆధారం చేసుకుని మరకను తేలిగ్గా తగ్గించవచ్చు. ఆటోమేటిక్ కాంట్రాస్ట్, షార్పెనింగ్, రంగుల పునరుద్ధరణ అన్నీ ఆపేయండి. అవి తెల్ల పంచెను మడతల జాడ లేకుండా తెల్లగా, నల్ల కోటును గుండీల జాడ లేకుండా నల్లగా మార్చేస్తాయి, తర్వాత తిరిగి రాబట్టలేరు. ధూళిని పరారుణ కాంతితో గుర్తించి తొలగించే సదుపాయం రంగుల నెగెటివ్‌లకు బాగా పనిచేస్తుంది. నలుపు తెలుపు నెగెటివ్‌లో ఉండేది వెండి కాబట్టి, అది పరారుణ కాంతిని అడ్డుకుని యంత్రాన్ని తికమకపెడుతుంది. అక్కడ దాన్ని వాడకండి. ఫైలును టిఫ్‌గా (వివరం పోకుండా భద్రపరిచే రకం) దాచుకోండి. ఇందాకటి 1200 స్కాన్ 48 బిట్లలో సుమారు 480 ఎంబీ అవుతుంది, కాబట్టి పెన్ డ్రైవ్‌లో చోటు చూసుకోవాలి.

సిల్క్ ఫినిష్ అని తేనెపట్టు గళ్లలాంటి గరుకు కాగితంపై వేసిన ప్రింట్లు స్కానర్‌కు పెద్ద బెడద. ఆ గళ్ల మీద కాంతి పడి చిత్రమంతా మెరుపు చుక్కలు కనిపిస్తాయి. ఫొటోను ఒకసారి నేరుగా, ఒకసారి తలకిందులుగా తిప్పి స్కాన్ చేసి, రెండింటినీ కచ్చితంగా ఒకదానిపై ఒకటి అమర్చి సగం సగం కలిపితే గళ్లు చాలావరకు తగ్గుతాయి. అంతకంటే మంచి దారి కెమెరాతో తీయడం. ఫొటోకు రెండు వైపులా 45 డిగ్రీల కోణంలో లైట్లు పెట్టి, లైట్లకూ లెన్స్‌కూ పోలరైజర్లు (మెరుపును ఆపే ఫిల్టర్లు) అమర్చి, లెన్స్ మీదిదాన్ని లైట్ల వాటికి అడ్డంగా తిప్పితే మెరుపు పూర్తిగా పోతుంది. పాత వెండి ప్రింట్లలో నల్లని భాగాలమీద కనిపించే నీలపు అద్దపు మెరుపుకూ ఇదే మందు. 24 మెగాపిక్సెళ్ల కెమెరా ఒక్క షాట్‌లో 6000 × 4000 ఇస్తుంది. చాలకపోతే ఫొటోను భాగాలుగా, ఒక్కొక్కటి పక్కదానితో మూడో వంతు కలిసేలా తీసి జోడించవచ్చు. ఏ4 స్కానర్‌లో పట్టని రవివర్మ పటాలకు కూడా ఇదే పద్ధతి. ఫోన్‌లో 108, 200 మెగాపిక్సెళ్లు అని చెప్పే సెన్సర్లు మామూలుగా అనేక పిక్సెళ్లను ఒకటిగా కలిపి 12 మెగాపిక్సెళ్ల చిత్రాన్నే ఇస్తాయి, అదీ అంచుల్లో కాస్త వంకరతో.

మన ఊరి గాలికి సంబంధించిన ఒక జాగ్రత్త ఇక్కడే చెప్పాలి. సముద్రపు తేమ వల్ల చెన్నైలో పాత ఫొటోలు ఫ్రేము గాజుకు అతుక్కుపోవడం మామూలు. వాటిని పీకవద్దు. పై పొర గాజుతోనే ఊడి వచ్చి, సరిగ్గా ముఖాలున్న చోటే తెల్లని మచ్చలు మిగులుతాయి. గాజుతో సహా కెమెరా కిందే పెట్టి తీయించండి. బూజు ఉంటే తడి గుడ్డ తాకించకుండా, పొడి మెత్తని బ్రష్‌తో పైపైన దులిపి స్కాన్ చేయడం వరకే ఇంట్లో చేయదగిన పని.

ఐదో అడుగు: ఇంటర్నెట్ నుంచీ వాట్సాప్ నుంచీ వచ్చిన చిత్రాలు

హైదరాబాదులోని పిన్ని కొడుకు వాట్సాప్‌లో పంపిన ఫొటోతో పోస్టరు వేయించాలనుకునే ముందు దాని పిక్సెళ్లు చూడండి. మామూలుగా పంపితే వాట్సాప్ పొడవాటి వైపును సుమారు 1600 పిక్సెళ్లకు తగ్గించి బాగా కుదిస్తుంది. 36 అంగుళాలపై అది 44 పీపీఐ. అదే ఫైలును డాక్యుమెంట్‌గా పంపమంటే యథాతథంగా వస్తుంది. ఫొటోకు ఫొటో తీసి కాకుండా స్కాన్ చేయించి పంపమనడం కూడా మరవకండి. వికీమీడియా కామన్స్ (ఇంటర్నెట్‌లోని ఉచిత చిత్రాల భండారం) వంటి చోట్ల పేజీలో కనిపించేది చిన్న నమూనా. దాని వెనక ఉన్న అసలు ఫైలును తెరిచి దించుకోవాలి.

హక్కుల సంగతి క్లుప్తంగా: డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోపై, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారే తొలి హక్కుదారులని 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ చెబుతుంది. ఇంటి ఫొటోకు ఇది చాలు. చిత్రకారుడి మరణానంతరం అరవై ఏళ్లు దాటితే చిత్రాలు అందరివీ అవుతాయి. రవివర్మ 1906లో మరణించారు కాబట్టి ఆయన చిత్రాలకు ఇబ్బంది లేదు. సినిమా స్టిల్స్‌ను సభల్లో ప్రదర్శించాలన్నా, అమ్మాలన్నా అనుమతి గురించి విచారించాకే ముద్రించండి.

ఆరో అడుగు: బాగుచేయడం, పెంచడం

గీతలు, మరకలు, చిరుగులు సరిచేసే పని స్కాన్ చేసిన పూర్తి కొలతలోనే చేయాలి. పెంచాక చేస్తే శ్రమ ఎక్కువ, తగ్గించాక చేస్తే పనితనం మొరటుగా కనబడుతుంది. లెక్కకు పిక్సెళ్లు కొంచెం తగ్గితే ఫొటో సాఫ్ట్‌వేర్‌లోని మామూలు బైక్యూబిక్ పద్ధతిలో (పక్క పిక్సెళ్లను బట్టి కొత్తవాటిని లెక్కగట్టేది) రెట్టింపు వరకు పెంచుకోవచ్చు. దానివల్ల వివరం పెరగదు గానీ మెట్లు మెట్లుగా కనిపించే అంచులు నునుపవుతాయి. ఇమేజ్ సైజ్ పేజీలో రీశాంపుల్ గడిలో టిక్ తీసేసి సంఖ్య మార్చితే పిక్సెళ్లు కదలవు, చీటీ మాత్రమే మారుతుంది. టిక్ ఉంచి మార్చితే పిక్సెళ్లు పుట్టుకొస్తాయి. ఏది చేస్తున్నారో తెలిసి చేయండి.

కృత్రిమ మేధతో ఫొటోలను పెంచే యాప్‌లు ఇప్పుడు ప్రతి ఫోన్‌లోనూ ఉన్నాయి. చెట్లకు, గోడలకు, చీర నేతకు అవి పనికొస్తాయి. ముఖాల విషయంలో నా సలహా కటువుగానే ఉంటుంది: వాడవద్దు. చాలని పిక్సెళ్ల మధ్య ఆ యంత్రం నింపేది మీ ముత్తవ్వ కళ్లు కావు; తాను నేర్చుకున్న లక్షల ముఖాలలోంచి తీసిన ఏవో కళ్లు. ముక్కుపుడక పుట్టుమచ్చ అవుతుంది, బొట్టు నీడ అవుతుంది, పళ్లు కొత్తగా మొలుస్తాయి. తేటగా ఉన్న అపరిచితురాలి కంటే మసకగా ఉన్న ముత్తవ్వే గోడమీద ఉండదగినది. తప్పదనుకుంటే, పెంచిన చిత్రాన్ని అసలు స్కాన్ మీద పొరగా పెట్టి, ముఖాలున్న చోట చెరిపేసి కింది పొరను పైకి తెండి.

మసకతనాన్ని కప్పడానికి ఒక పాత చిట్కా ఉంది: చివరి కొలతకు పెంచాక చిత్రమంతటా సన్నని గ్రెయిన్‌ను (ఫిల్మ్ రేణువుల్లాంటి గరుకును) కొద్దిగా చల్లడం. కన్ను ఆ గరుకును పట్టుకుని, చిత్రం తేటగా ఉందనుకుంటుంది. షార్పెనింగ్ కూడా చివరి కొలతకు వచ్చాకే, తెరమీద 50 శాతంలో చూస్తూ చేయాలి. అంచుల చుట్టూ తెల్లని గీత కనిపించిందంటే మోతాదు మించిందని అర్థం.

ఏడో అడుగు: ఫైలు అప్పగించడం, ముక్క ప్రింటు

బాగుచేసిన అసలును టిఫ్‌గా మీ దగ్గర ఉంచుకుని, దుకాణానికి 8 బిట్ల టిఫ్ లేదా అత్యధిక నాణ్యతలో ఒక్కసారే భద్రపరచిన జేపెగ్ ఇవ్వండి. రంగుల ప్రమాణం ఎస్ఆర్‌జీబీ (తెరలకూ కెమెరాలకూ మామూలుగా వాడేది) అయితే ఏ దుకాణంలోనూ పేచీ రాదు. ఇంక్‌జెట్‌కు వెళ్లే ఫైలును మీ అంతట మీరు సీఎంవైకేలోకి (అచ్చు సిరాల నాలుగు రంగుల పద్ధతిలోకి) మార్చకండి. అది వారి యంత్రమే చూసుకుంటుంది. అంచుల దాకా చిత్రం ఉండాలంటే నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు అదనంగా వదలాలి. కాన్వాస్ మీద వేసి చెక్క చట్రం చుట్టూ మడిచే పద్ధతికి ప్రతి వైపూ రెండు అంగుళాలు కావాలి. పాత ఫొటోలో అంత చోటు ఉండదు కాబట్టి తెల్లని అంచును మడిచేలా చెప్పండి.

పూర్తి పోస్టరుకు డబ్బు కట్టే ముందు ముక్క ప్రింటు వేయించడం తప్పనిసరి. పోస్టరులో ఏ కొలతలో ఉంటుందో అదే కొలతలో, చిత్రంలోంచి 8 × 10 అంగుళాల ముక్కను కోసి, అదే కాగితంపై అదే యంత్రంలో వేయించండి. ఆ ముక్కలో ఒక ముఖం, ఒక తెల్లని బట్ట, ఒక నల్లని కోటు లేదా జుట్టు ఉండాలి. దుకాణంలోని ట్యూబ్‌లైటు కింద తీర్పు చెప్పకుండా ఇంటికి తెచ్చి, తగిలించబోయే గోడకే అంటించి, సోఫాలో కూర్చుని ఒకసారి, దగ్గరకు వెళ్లి ఒకసారి, పగలూ రాత్రీ చూడండి. తెరమీద వెలుగుతూ కనిపించిన నీడలు కాగితంపై మూసుకుపోవడం అతి సాధారణంగా కనిపించే లోపం. నీడలను కొద్దిగా ఎత్తితే సరిపోతుంది. ముఖం మసకగా ఉంటే పీపీఐని నిందించే ముందు స్కాన్ ఫోకస్ సరిగా ఉందో లేదో చూడండి. అక్కడా లోపం లేకపోతే పోస్టరు కొలతను తగ్గించండి.

ఎనిమిదో అడుగు: కాగితం, ఫ్రేము

ఫ్లెక్స్ సభలకు, ఇంటి గోడకు పిగ్మెంట్ సిరాతో మ్యాట్ కాగితమో నూలు కాగితమో మంచిది. నిగనిగలాడే కాగితం ప్రతి గీతనూ పట్టిస్తుంది, గదిలోని లైట్లను కూడా చూపిస్తుంది. మ్యాట్ కాగితం, కాన్వాస్ కొంత మసకతనాన్ని క్షమిస్తాయి. 100 పీపీఐ చిత్రం నిగనిగ కాగితంపై వెలితిగా అనిపించినా కాన్వాస్‌పై నిండుగా ఉంటుంది. రోల్ వెడల్పులు సాధారణంగా 24, 36, 44 అంగుళాలు కాబట్టి, ఆ అంకెలకు లోబడి కొలత ఎంచుకుంటే కాగితం వృథా కాదు.

ప్రింటు వచ్చాక ఒక రోజు ఆరనిచ్చి ఫ్రేము కట్టించండి. గాజుకూ కాగితానికీ మధ్య మౌంట్ అట్టతో ఎడం ఉండాలని ఫ్రేముల దుకాణంలో గట్టిగా చెప్పండి, లేకపోతే ఈ ప్రింటు కూడా రెండు మూడు వానాకాలాల్లో గాజుకు అంటుకుంటుంది. వంటింటి గోడ, బాత్రూమ్‌ను ఆనుకున్న గోడ, పడమటి ఎండ పడే గోడ వద్దు. అసలు ఫొటోను సిలికా జెల్ పొట్లంతో పాటు ఆమ్లం లేని కాగితపు కవరులో పెట్టి, టిఫ్ ఫైలును రెండు చోట్ల దాచి, ఏ కొలతకు ఏ పీపీఐలో స్కాన్ చేశారో ఆ కవరు మీద పెన్సిల్‌తో రాసి ఉంచండి. ఫొటో వెనక మాత్రం బాల్‌పెన్నుతో ఏమీ రాయకండి. ఆ ఒత్తిడి ముందు వైపు గాటుగా పడి, తర్వాతి స్కాన్‌లో కనబడుతుంది.